తెర వెలిగే లోపల

2024 మే 13న జహీరాబాద్ లోక్‌సభ స్థానానికి పోలింగ్. ఏడింటికి ఓటింగ్ మొదలు కావాలంటే అయిదున్నరకే ఏజెంట్ల ముందు మాక్ పోల్ పెట్టాలి. ప్రిసైడింగ్ ఆఫీసరు ఈవీఎమ్ కంట్రోల్ యూనిట్ వెనక మూత తీసి స్విచ్చి వేస్తారు. తేదీ, టైము, బ్యాటరీ ఎంతుంది, అభ్యర్థులెందరు అన్నీ చిన్న తెర మీద వరసగా వచ్చేస్తాయి. యంత్రం పనికి సిద్ధం. పోలింగ్ కేంద్రాలు ఎక్కువగా సర్కారు బడుల్లోనే ఉంటాయి. గోడకు అవతల కంప్యూటర్ గదిలోని పాత డెస్క్‌టాప్‌ను అదే క్షణంలో ఎవరైనా ఆన్ చేసి ఉంటే, ఇక్కడ మాక్ పోల్‌లో నాలుగు ఓట్లు పడ్డాక కూడా అక్కడ తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి.

రెండూ కంప్యూటర్లే. ప్రాసెసర్ వేగం చూస్తే డెస్క్‌టాప్ ముందు ఈవీఎమ్ లెక్కలోకే రాదు. అయినా వేగమైనది ఆలస్యంగా లేస్తుంది, నెమ్మదిది చప్పున లేస్తుంది. ఈవీఎమ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ లేదు, నెట్ లేదు, తరవాత వేయించుకున్న ప్రోగ్రాములు లేవు. అది చేయాల్సిన పనంతా మైక్రోకంట్రోలర్‌లో ఒకేసారి రాసిపెట్టి ఉంది. డెస్క్‌టాప్ సంగతి అలా కాదు. మనం కీబోర్డు ముట్టుకునేలోపు అందులో కొన్ని వందల ప్రోగ్రాములు వంతులవారీగా లేవాలి. ఒక్కొక్కటీ తరవాతిదాన్ని పరీక్షించాలి, దాన్ని పిలవాలి.

బూటింగ్ మీద మాటలు మామూలుగా ‘సిస్టమ్ స్లో అయిపోయిందండీ’ దగ్గర మొదలై ‘ఎస్ఎస్‌డీ వేయించుకోండి’ దగ్గర ఆగిపోతాయి. సలహా మంచిదే, కాని సగం సమాధానమే. స్విచ్చి వేసినప్పటి నుంచి మొదటి అక్షరం కొట్టేవరకు మనకంటే ముందు లోపలికి ఎవరెవరు వెళ్తున్నారు, వాళ్లకు అనుమతి ఎవరిచ్చారు అన్నది దీనికంటే పెద్ద ప్రశ్న. ఆలస్యానికీ ప్రమాదానికీ మూలం అక్కడే ఉంది.

అసలు ఈ తతంగం రోజూ ఎందుకు జరగాలన్నది మొదటి సందేహం. ర్యామ్ మతిమరుపుది కాబట్టి. అందులోని ప్రతి బిట్టూ ఒక అతి చిన్న కెపాసిటర్‌లో నిలిచిన ఛార్జి. అది కారిపోతూ ఉంటుంది గనక సెకనుకు పదిహేనుసార్లకు పైగా తిరిగి నింపుతూ ఉండాలి. కరెంటు పోతే అంతా పోయినట్టే. ప్రాసెసర్‌కు ర్యామ్ తప్ప వేరే బల్ల లేదు. డిస్కులో ఉన్నది బల్ల మీదికి వస్తే తప్ప అది చదవలేదు. డిస్కు నుంచి తెప్పించుకోవాలన్నా, ఎలా తెప్పించాలో చెప్పే ప్రోగ్రామ్ ముందే ఎక్కడో ఉండాలి.

ఈ చిక్కు మన హైదరాబాద్‌కు కొత్తది కాదు. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో ఈసీఐఎల్ మొదలైంది. ఏ.ఎస్.రావు నగర్ పేరు ఆయనదే. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపొందిన టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్ 1969లో వచ్చింది, దాన్ని తయారుచేసి అమ్మే బాధ్యత ఈసీఐఎల్ తీసుకుంది. ఆనాటి యంత్రాల మెమరీ ఫెర్రైట్ గాజుల అల్లిక. ప్రతి గాజు ఒక అయస్కాంతం, కరెంటు పోయినా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. అంటే రాత్రి ఆపి పొద్దున వేస్తే నిన్నటి ప్రోగ్రామ్ అక్కడే దొరికే వీలుండేది. అది చెరిగిపోయినప్పుడే అవస్థ. అదే కోవకు చెందిన అమెరికన్ 12 బిట్ల యంత్రం పీడీపీ-8లో ఆపరేటరు ముందు పలక మీది స్విచ్చులు పైకీ కిందికీ వేస్తూ, పేపర్ టేపు చదివే ఒక బుల్లి ప్రోగ్రామ్‌ను చేత్తో ఎక్కించేవాడు. అది పదహారు పదాలు. ఆ పదహారూ అతనికి నోటికి వచ్చేవి. అది టేపులోని మరికాస్త పెద్ద లోడర్‌ను చదివేది, ఆ లోడర్ అసలు ప్రోగ్రామ్‌ను చదివేది. ఇవాళ్టి కంప్యూటర్ లేచే తీరు కూడా ఇదే, స్విచ్చుల బదులు మదర్‌బోర్డు మీద ఒక ఫ్లాష్ చిప్పు ఉంది. 1970ల్లో చవకైన డైనమిక్ ర్యామ్ వచ్చి ఫెర్రైట్ గాజులను తరిమేసింది. మెమరీ ఎన్నో రెట్లు పెరిగింది, పొద్దున్నే మొత్తం మొదటి నుంచి మొదలుపెట్టడమూ దాంతోపాటే మన నెత్తిన పడింది.

బటన్ నొక్కగానే ప్రాసెసర్ లేవదు. పవర్ సప్లయ్ తన వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని నమ్మకం కుదిరాకే ‘సరే’ అనే సంకేతం పంపుతుంది. దానికి 100 నుంచి 500 మిల్లీసెకన్లు. ఈలోపు మదర్‌బోర్డు మీద వేరే చిన్న కంట్రోలర్లు లేచి తమ పనులు చూసుకుంటాయి. ఆ తరవాత ప్రాసెసర్ కళ్లు తెరుస్తుంది. తెరవగానే తాను 1978 నాటి 8086నే అన్నట్టు 16 బిట్ల పద్ధతిలో, 4 జీబీ హద్దుకు సరిగ్గా 16 బైట్ల కింద ఉన్న చిరునామాలో మొదటి ఆజ్ఞ కోసం చూస్తుంది. మీ ఇంట్లో నిన్న కొన్న లాప్‌టాప్ అయినా అంతే. ఈ పాత గుమ్మం తీసేద్దామని ఇంటెల్ 2023లో ఒక ప్రతిపాదన పెట్టింది, 2024 డిసెంబరులో వదిలేసింది. దీనివల్ల పోయే సమయం లెక్కలోకి రానంత తక్కువ. బూటింగ్‌లో పాతదేదీ పూర్తిగా పోదు, దాని మీదే కొత్తది కడతారు అనడానికి మాత్రం ఇది మంచి సాక్ష్యం.

అక్కడి నుంచి కథ, ఆ ఫ్లాష్ చిప్పులో ఉండే బయోస్ అనే ప్రోగ్రామ్ చేతిలో. ఆ పేరు 1970ల నడుమ సీపీ/ఎమ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసిన గ్యారీ కిల్డాల్ పెట్టింది. 1981లో ఐబీఎమ్ పీసీతో ఊరూరా తెలిసింది. నల్ల తెర మీద మెమరీ అంకెలు పరుగెత్తడం, టక్కుమని ఒక బీప్, మూలన ‘ఏఎమ్ఐ’ అనే గుర్తు. తొంభైల్లో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లకు ఇవి ఇప్పటికీ గుర్తుంటాయి. బయోస్ తయారుచేసే ఆ ఏఎమ్ఐ కంపెనీని 1985లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో స్థాపించినవారిలో భారత సంతతి ఇంజనీరు సుబ్రమణియన్ శంకర్ ముఖ్యుడు. పాత బయోస్‌కు డిస్కులో మొదటి 512 బైట్లు తప్ప ఏమీ తెలియదు. అందులో ప్రోగ్రామ్‌కు దొరికేది 446 బైట్లే. 2 టెరాబైట్లు దాటిన డిస్కును ఆ పద్ధతిలో పూర్తిగా వాడుకోవడం కుదరదు. అందుకే ఇంటెల్ తన ఐటేనియం సర్వర్ల కోసం మొదలుపెట్టిన కొత్త పద్ధతి 2005 తరవాత యూఈఎఫ్ఐ పేరుతో అందరిదీ అయింది. ఇది అన్ని రకాలుగా మెరుగే, అయితే ఇదే ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ అయి కూర్చుంది.

ఈ దశలో అందరికీ తెలియని పెద్ద ఆలస్యం ఒకటుంది. మెమరీ ట్రైనింగ్. డీడీఆర్5-4800 ర్యామ్‌లో ఒక్కో తీగ మీద సెకనుకు 480 కోట్ల బిట్లు పరుగెత్తుతాయి. ఒక బిట్టుకు దొరికే వ్యవధి 208 పికోసెకన్లు, అంటే శూన్యంలో కాంతి ఆరు సెంటీమీటర్లు వెళ్లే సమయం. బోర్డు మీద ఒక తీగ ఇంకోదానికంటే కొంచెం పొడుగైనా, గది కొంచెం వేడెక్కినా బిట్లు తప్పుగా అందుతాయి. అందుకే ప్రాసెసర్ ప్రతి తీగ మీదా పరీక్ష నమూనాలు పంపుతూ, ఏ క్షణంలో చదివితే సరిగ్గా వస్తుందో వెతుక్కుంటుంది. ఇదంతా జరిగేటప్పుడు వాడుకోవడానికి ర్యామే ఉండదు. తన లోపలి కాష్‌నే తాత్కాలికంగా ర్యామ్‌లా పెట్టుకుని నెట్టుకొస్తుంది. కొత్తగా ర్యామ్ వేసిన డీడీఆర్5 మెషీన్ మొదటిసారి ఒక నిమిషం పైన కూడా తెర నల్లగా ఉంచడం మామూలే. ‘బోర్డు పోయింది’ అనుకుని ఆ మధ్యలో స్విచ్ ఆఫ్ చేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఒకసారి కుదిరిన కొలతలను బయోస్ దాచుకుని మరునాటి నుంచి వాటినే వాడుకుంటుంది, అవి పనికి రాకపోతే మళ్లీ వెతుకుతుంది.

జిరాక్స్ షాపుల్లో మరో రకం ఆలస్యం ఉంది. అది యంత్రం తప్పు కాదు. రాత్రి కస్టమర్ మరిచిపోయిన పెన్‌డ్రైవ్ పొద్దున ఇంకా పోర్టులోనే ఉంటుంది. బూట్ ఆర్డర్‌లో యూఎస్‌బీ ముందుంటే బయోస్ దాన్ని తడిమి, అందులో ఏమీ లేదని తేల్చుకున్నాకే డిస్కు దగ్గరికి వెళ్తుంది. కంపెనీల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ మెషీన్లలో నెట్‌వర్క్ బూట్ కూడా ముందు వరసలో ఉంటుంది. ఎవరూ జవాబివ్వని నెట్‌వర్క్‌ను పలకరిస్తూ గడువు తీరేదాకా అది నిలబడుతుంది. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి వచ్చిన పాత ఆఫీసు కంప్యూటర్లు మన జిల్లాల్లో బోలెడు. కొన్నాక వాటి బూట్ ఆర్డర్ ఒకసారి చూసుకునేవాళ్లు తక్కువ.

ఇక డిస్కు. గత పాతికేళ్లలో బూటింగ్‌ను అన్నిటికంటే ఎక్కువగా మార్చింది ఇదే. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావాల్సిన చోటు కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్డు అక్కడికి జరగడానికి మరో ఎనిమిదో తొమ్మిదో. ఎలా చూసినా ఒక్కో ముక్కకు 12, 13 మిల్లీసెకన్లు, సెకనుకు ఎనభైకి మించవు. తహసీల్ ఆఫీసు రికార్డు రూముకు అటెండరు వెళ్లి ఒక్కో ఫైలూ విడివిడిగా తెచ్చినట్టు ఉంటుంది వ్యవహారం. ఫైలు రెండు పేజీలదైనా నడక అంతే. విండోస్ లేవడానికి చిన్నా పెద్దా వేల ఫైళ్లలోంచి ముక్కలు కావాలి. చెదురుమదురుగా ఐదు వేల ముక్కలనుకోండి, నడకకే నిమిషం పైన. సాధారణ ఎస్ఎస్‌డీలో కదిలేదేదీ లేదు. ముక్కకు మిల్లీసెకనులో పదో వంతు, అవే ఐదు వేలు అర సెకనులో అయిపోతాయి. ప్రాసెసర్ మార్చకుండా, ర్యామ్ పెంచకుండా, ఇదొక్కటి మారిస్తే రెండు మూడు నిమిషాల బూటింగ్ అర నిమిషం లోపలికి దిగడం వెనక ఉన్న లెక్క ఇదే. మైక్రోసాఫ్ట్ 2001లోనే ఎక్స్‌పీలో ప్రీఫెచ్ పెట్టింది. బూటింగ్‌లో ఏ ముక్కలు ఏ వరసలో కావాలో గుర్తుపెట్టుకుని, వాటిని డిస్కులో పక్కపక్కన సర్ది ముందే తెప్పించే ఏర్పాటది. తెలివైన పనే. అయినా ఎంత సర్దినా చక్రం చక్రమే.

డిస్కుతో ముడిపడ్డ మరో సంగతి కరెంటు. ఉమ్మడి రాష్ట్రంలో 2012, 13 ప్రాంతంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. అంతకు ముందు విండోస్ 98 కాలంలో కరెంటు పోయి వస్తే నీలి తెర మీద స్కాన్‌డిస్క్ మొదలయ్యేది, ‘సరిగ్గా షట్‌డౌన్ చేయనందువల్ల’ అని మనకే నీతి చెప్పేది. ఆ ఫైల్ సిస్టమ్‌కు సగంలో ఆగిన పని ఏదో తెలియదు, కాబట్టి మొత్తం డిస్కును వెతకాలి. తరవాత వాడుకలోకి వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ చేయబోయే మార్పును ముందు ఒక చిట్టాలో రాసుకుని ఆ తరవాత చేస్తుంది. కరెంటు పోయి వస్తే చిట్టా చూసి సరిదిద్దుకుంటుంది, అది సెకన్ల పని. చిట్టాతో తేలని నష్టం కనిపిస్తేనే చెక్ డిస్క్‌కు వెళ్తుంది. పాత డిస్కు మీద అది గంటలు కూడా తినవచ్చు. యూపీఎస్ బ్యాటరీ మూడేళ్లుగా మార్చని షాపులో కంప్యూటర్ స్లో అంటే, నేనైతే ముందు ఆ బ్యాటరీనే అనుమానిస్తాను.

ఆపరేటింగ్ సిస్టమ్ దశ గురించి చెప్పుకోవాలంటే 2008 సెప్టెంబరుకు వెళ్లాలి. ఇంటెల్ ఇంజనీర్లు అర్యన్ వాన్ డి వెన్, ఔకే కోక్ లినక్స్ ప్లంబర్స్ సదస్సులో ఒక చవక అసుస్ ఈఈఈ పీసీని అయిదు సెకన్లలో లేపి చూపించారు. అందరూ ‘ఇంకాస్త తగ్గిద్దాం’ అనుకుంటుంటే వాళ్లు బడ్జెట్ రాసుకున్నారు. ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నల్‌కు ఒక సెకను, తొలి సర్వీసులకు ఒకటి, తెర గ్రాఫిక్స్‌కు ఒకటి, డెస్క్‌టాప్‌కు రెండు. మించితే ఆ ప్రోగ్రామ్‌ను బాగుచేయాలి, లేదా తీసేయాలి. వెతికితే దొరికిన వృథాలు నవ్వు తెప్పించేవి. ఎన్నేళ్లకూ మారని కీబోర్డు పటాన్ని ప్రతి బూటింగ్‌లోనూ కొత్తగా కంపైల్ చేయడం అందులో ఒకటి. 2010లో లెనార్ట్ పోటరింగ్ లినక్స్ కోసం ప్రకటించిన సిస్టమ్‌డీ, సర్వీసులు ఒకదాని కోసం ఒకటి కూర్చోకుండా వీలైనన్ని ఒకేసారి లేచేలా చేసింది. ఎవరెంత సేపు తిన్నారో పేరుపేరునా చెప్పే ఆజ్ఞ కూడా పెట్టింది, ఆ ఆజ్ఞలోనే ‘బ్లేమ్’ అన్న మాట ఉంది. విండోస్‌లో ఇంత నిక్కచ్చిగా నింద మోపే సౌకర్యం మామూలు వాడకందారుకు ఇప్పటికీ లేదనే అంటాను.

విండోస్ వేరే దారి పట్టింది. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. మీరు షట్‌డౌన్ కొట్టినప్పుడు మీ ప్రోగ్రాములు మూసుకుంటాయి గాని, కెర్నల్, డ్రైవర్లు ఉన్న స్థితిని యథాతథంగా డిస్కులో ఒక ఫైలుగా పారేసి పడుకుంటుంది. పొద్దున కొత్తగా లేవదు, ఆ ఫైలును ర్యామ్‌లోకి పోసుకుంటుంది. ఫెర్రైట్ గాజుల రోజుల సుఖాన్ని దొడ్డిదారిన తెచ్చారన్నమాట. ఎన్నో కంప్యూటర్లలో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీలో అప్‌టైమ్ చూడండి. రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే యంత్రం కూడా వారాల తరబడి నిద్రపోలేదని చూపిస్తుంది. ఏ డ్రైవరో తిక్కగా ప్రవర్తిస్తుంటే షట్‌డౌన్ చేసి వేసినా ఆ తిక్క పోకపోవడానికి కారణం ఇదే. రీస్టార్ట్ కొట్టినప్పుడు మాత్రం నిజంగా కొత్తగా లేస్తుంది. ‘ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి’ అన్న కస్టమర్ కేర్ మాటను ఎంత ఎగతాళి చేసినా, అందులో సత్యం ఉంది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు ఆ ఫైలు రాసే అవకాశమే ఉండదు. చిట్టా సరిచూసుకోవడం ఒకటి, మొదటి నుంచి పూర్తి బూటింగ్ ఇంకొకటి. పవర్ కట్ తరవాత సిస్టమ్ మరీ మొండికేసినట్టు అనిపించడం భ్రమ కాదు.

ఇప్పుడు జహీరాబాద్ బజారులోని ఒక డీటీపీ షాపు కంప్యూటర్ ముందు కూర్చుందాం. ఇక్కడి నుంచి బీదర్ ముప్ఫై కిలోమీటర్లు. కౌంటర్ దగ్గర తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినిపిస్తాయి. పెళ్లి కార్డు తెలుగులో కావాలంటే అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్. ఉర్దూకు ఇన్‌పేజ్. అదే మెషీన్ మీద ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసే పని, పహాణీ ప్రింటు, పరీక్షల దరఖాస్తులు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ పేజీ తెరిస్తే ఇరవైకి పైగా పేర్లు బారులు తీరాయి. అను ఉంది, అదెంతో చిన్నది, ప్రభావం ‘లో’ అని ఉంది. వేలిముద్ర పరికరాలవి రెండు, ఇందులో ఒక పరికరం ఎప్పుడో మూలన పడింది, దాని సర్వీసు మాత్రం రోజూ లేచి దాని కోసం వెతుకుతోంది. మూడు ప్రింటర్ కంపెనీల మానిటర్లు, ఉన్న ప్రింటర్ ఒకటే. రెండు యాంటీవైరస్‌లు. దూరం నుంచి సిస్టమ్ బాగుచేసే టూల్, అదీ రెండు రకాలు. బ్రౌజర్ అప్‌డేటర్లు, వాట్సాప్, ఎవరో పిల్లవాడు వేసిన ఆటల లాంచర్. ‘హై’ అని రాసి ఉన్నవి నాలుగైదు, అందులో షాపు పనికి అవసరమైంది ఒక్కటే.

డెస్క్‌టాప్ బొమ్మ వచ్చేసరికి అరవై సెకన్లు పట్టిందనుకుంటే, ఆ తరవాత మౌస్ నొక్కితే పలికేసరికి మరో రెండు నిమిషాలు. వీటిలో మొదటి దాన్నే అందరూ బూటింగ్ అంటారు, కంపెనీలు ప్రకటనల్లో చెప్పేదీ అదే. కస్టమర్ నిలబడేది రెండోదాని ముందు. నిజానికి విండోస్ లాగిన్ తెరను తొందరగా చూపించి, మిగతా పనులు వెనక నడిపించుకుంటుంది. బొమ్మ ముందు వస్తుంది, పని వెనక వస్తుంది. వేగం కొలిచేటప్పుడు ఈ మోసానికి పడిపోకూడదు. ఇరవై ప్రోగ్రాములూ ఒకేసారి అదే హార్డ్ డిస్కు మీద పడితే, సెకనుకు ఎనభై ముక్కలే ఇవ్వగల ఆ చక్రం ఒకరికి సగం ఇంకొకరికి సగం పెడుతూ అందరినీ నిలబెడుతుంది. ఎస్ఎస్‌డీ వేయిస్తే ఈ రద్దీ కనిపించకుండా పోతుంది, ఉన్న జనం మాత్రం అక్కడే ఉంటారు.

ఏ ఇన్‌స్టాలరైనా ‘విండోస్‌తో పాటు మొదలవ్వనా’ అని మర్యాదగా అడగదు, ముందే టిక్కు పెట్టుకుని వస్తుంది. ప్రతి కంపెనీకీ తన ప్రోగ్రామ్ తక్షణం తెరుచుకున్నట్టు కనిపించాలి, అందుకు అది ముందే లేచి కూర్చోవాలి. తన వేగం కోసం అది మన సమయం ఖర్చు పెడుతుంది. ఇందులో సాంకేతికం కొంచెం, అత్యాశ ఎక్కువ.

లోపలికి రానిచ్చినవాళ్ల వల్ల ఆలస్యం ఒక్కటే నష్టమైతే సరిపెట్టుకోవచ్చు. 2024 జులై 19, శుక్రవారం. మన టైము ప్రకారం ఉదయం 9.39కి క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా కంపెనీ ఒక చిన్న అప్‌డేట్ ఫైలు పంపింది. దాని డ్రైవరు కెర్నల్‌తో పాటే, బూటింగ్ తొలి క్షణాల్లోనే లేస్తుంది. వైరస్ కంటే ముందు లేవాలి కదా, అదే దాని ఉద్దేశం. ఫైలులో తప్పుంది, డ్రైవరు కూలింది, డ్రైవరుతో విండోస్ కూలింది. రీస్టార్ట్ అయి మళ్లీ అదే డ్రైవరును లేపింది, మళ్లీ కూలింది. కంపెనీ 78 నిమిషాల్లో ఫైలును వెనక్కి తీసుకుంది. అప్పటికే మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ఇండిగో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. నెట్ దాకా లేవని యంత్రానికి నెట్ ద్వారా మందు పంపడం కుదరదు. మనిషి వెళ్లి, ఒక్కోదాన్నీ సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఫైలును చేత్తో తీసేయాల్సి వచ్చింది. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కూడా కావాలి.

ఆ సంఘటన తరవాత, మన హైదరాబాదీ సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్ 2024 నవంబరులో కొన్ని మార్పులు ప్రకటించింది. భద్రతా కంపెనీల ప్రోగ్రాములు కెర్నల్ బయటే ఉండి పనిచేసే ఏర్పాటు ఒకటి. లేవలేకపోతున్న యంత్రాన్ని రికవరీ స్థితిలోంచే నెట్ ద్వారా బాగుచేసే పద్ధతి ఇంకొకటి. మంచి మార్పులే. అయితే ముందు వరసలో నిలబడే హక్కు ఎవరికివ్వాలన్న ప్రశ్న అంతకు పుష్కరం ముందే వచ్చింది. విండోస్ 8 యంత్రాలతో పాటు 2012లో సెక్యూర్ బూట్ వచ్చింది. ప్రతి దశా తరవాతి దశ డిజిటల్ సంతకాన్ని సరిచూసి, సరైనదైతేనే పగ్గాలు ఇస్తుంది. 2021లో విండోస్ 11 దీనికి టీపీఎమ్ 2.0 అనే చిప్పునూ తప్పనిసరి చేసింది. ఈ పరీక్షల వల్ల బూటింగ్ నెమ్మదించిందని గొణిగేవాళ్లున్నారు. సంతకం సరిచూడటం ప్రాసెసర్‌కు మిల్లీసెకన్ల పని. బూటింగ్‌లో మనం చెల్లించే ఆలస్యాల్లో న్యాయమైనది ఇదొక్కటే అని నా ఉద్దేశం. దీని ఖర్చు వేరే చోట ఉంది. ఆ సంతకాలకు మూలమైన 2011 నాటి సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి ఒక్కొక్కటిగా తీరుతుంది. కొత్తవి ఎక్కించుకోని యంత్రాలు ఆగిపోవు, లేస్తాయి, కాని బూట్ దశకు వచ్చే భద్రతా మరమ్మతులు వాటికి ఇక అందవు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. టీపీఎమ్ లేని పాత మెషీన్లతో నడిచే చిన్న పట్టణాల షాపుల మీద ఈ రెండూ కలిసి పడుతున్నాయి.

బూటింగ్ సమయం ఎవరి ఖాతాలో రాయాలన్న తగాదా కోర్టుకు కూడా ఎక్కింది. అమెరికాలోని నెవాడాలో కాల్ సెంటర్ ఉద్యోగులు, కంప్యూటర్ లేచేదాకా తాము కూర్చున్న నిమిషాలకు జీతం ఇవ్వలేదని దావా వేశారు. కంప్యూటర్ లేకుండా వాళ్ల పనే లేదు కాబట్టి దాన్ని లేపడం కూడా పనిలో భాగమేనని తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2022 అక్టోబరులో చెప్పింది. మాదాపూర్, గచ్చిబౌలి కాల్ సెంటర్లలో షిఫ్టుకు పావుగంట ముందే వచ్చి ‘సిస్టమ్ ఆన్ చేసి పెట్టుకునే’వాళ్లు ఈ తీర్పు ఒకసారి చదవాలి. కార్ల విషయంలో అదే అమెరికా ఏకంగా నియమమే పెట్టింది. రివర్స్ గేరు వేసిన రెండు సెకన్లలో వెనక కెమెరా బొమ్మ కనిపించాలి. బండి స్టార్ట్ చేసి కొన్ని సెకన్లే అయింది, సిస్టమ్ ఇంకా లేస్తోంది అంటే కుదరదు. దాంతో కార్ల కంపెనీలు పాటలూ మ్యాపులూ వెనక్కి నెట్టి కెమెరాను ముందు లేపడం నేర్చుకున్నాయి. ఎవరు ముందు లేవాలో ఒక ప్రభుత్వం చెప్పగలిగింది, కంపెనీలు విన్నాయి.

జహీరాబాద్‌కు ట్రాక్టరు కొత్త కాదు, మహీంద్రా ప్లాంటు ఇక్కడే ఉంది. 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి వచ్చిన కొత్త ఉద్గార ప్రమాణాల వల్ల డీజిల్ ఎంత, ఎప్పుడు చిమ్మాలో ఇప్పుడు కంప్యూటరే లెక్కవేస్తోంది. తాళం తిప్పగానే అది లేవాలి. లేవడానికి అది డిస్కు వెతకదు, ప్రోగ్రామ్‌ను ర్యామ్‌లోకి మోయకుండా ఫ్లాష్‌లో ఉన్నచోటే నడిపిస్తుంది. పొలం గట్టున రైతు దాని కోసం నిలబడడు.

డీటీపీ షాపు సంగతికి వస్తే, చేయాల్సిన పనికి ఒక వరస ఉంది. ముందు స్టార్టప్ పేజీ మూలన ‘లాస్ట్ బయోస్ టైమ్’ అని ఉండే అంకె చూడాలి. అది పది, పదిహేను సెకన్లు దాటితే తప్పు విండోస్‌ది కాదు, బూట్ ఆర్డర్‌ది, లేదా పోర్టులో మరిచిన పెన్‌డ్రైవ్‌ది. అది తక్కువే ఉండి మిగతాది ఎక్కువైతే స్టార్టప్ జాబితా కత్తిరించాలి. లేని ప్రింటర్లూ రెండో యాంటీవైరస్సూ అప్‌డేటర్లూ పోవాలి. ఇది పైసా ఖర్చు లేని పని, ఎస్ఎస్‌డీ ఆ తరవాత. షాపాయన అన్నీ తీసేయడానికి ఒప్పుకున్నాడు, వేలిముద్ర సర్వీసు దగ్గర మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. పింఛను డబ్బు తీసుకోవడానికి పొద్దున్నే వచ్చి కూర్చునే ముసలమ్మల కోసం అది అన్నిటికంటే ముందు లేవాల్సిందే అన్నాడు. వాడని పాత పరికరం సర్వీసు తీసేసి, పనిచేసేదాన్ని అలాగే ఉంచేశాం.